సున్నా వేసిన గడి

పై వాటా ఆవిడ ఎదురింటావిడతో అందిట. ఎదురింటావిడ మా అత్తతో అందిట. అత్త కట్టు కట్టిన తన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కూర తరుగుతున్న నాకు చేరవేసింది: "కరెంటాఫీసులో ఉద్యోగం చేసే మనిషి, పొద్దుగూకాక వాషింగ్ మిషను తిప్పుతుందట. రేటు మండిపోయే వేళ! చదువెందుకట, తగలెయ్యనా?"

చెప్పి, "నేనేం అనలేదమ్మా" అని కూడా చేర్చింది. ఏమీ అనకుండా మొత్తం విని రావడం అత్తకు బాగా వచ్చు.

ఆ రేటు సంగతి నాకు తెలియక కాదు. సాయంత్రాల లెక్క కట్టేదే నేను. మధ్యాహ్నం ఎండ కరెంటు వరదలా వచ్చి పడుతుంది, వాడే దిక్కుండదు. పొద్దు వాలగానే అది ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంటింటా పొయ్యి, మోటారు, మిషను, ఏసీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ గండం గట్టెక్కించడానికి మా ప్లానింగ్ సెక్షను కంపెనీలకు పోటీ పెట్టింది. ఒకటి బ్యాటరీలు పెడతానంది. ఇంకోటి గ్యాసు ప్లాంటు నడుపుతానంది. మూడోది ఏమీ కట్టనంది. మధ్యాహ్నం చవగ్గా ఇచ్చి, సాయంత్రం రేటు పెంచి, ఇంటి పనులనే మధ్యాహ్నానికి జరిపిస్తానంది. బ్యాటరీకి ఖర్చు వేశారు, గ్యాసుకి వేశారు. పని జరపడానికయ్యే ఖర్చు అన్న గడిలో మాత్రం సున్నా. సున్నాతో ఎవరు పోటీ పడగలరు?

మీటింగులో లేచి అడిగాను. "సార్, ఆ పని దానంతటది జరగదు కదా. జరిపే మనిషికి ఎంతో కొంత వెయ్యండి."

మా చీఫ్ చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏం వెయ్యమంటావమ్మా? ఉతికేది మిషను. బటన్ నొక్కడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా" అన్నాడు.

"మా ఇంట్లో నన్నా బటన్ ఛాయలకి కూడా రానివ్వరు సార్" అని పక్క సీటాయన అందుకున్నాడు. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ పంటికింద రాయిలా తగులుతుంది.

మూడో కంపెనీ గెలిచింది. వీధిలో అందరికంటే ముందు ఆ ప్లానులో మా ఆయనే చేరాడు. "మీ ఆఫీసు ఒప్పుకున్నదేగా" అన్నాడు, నాకేదో సన్మానం చేసినట్టు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అత్త మీద పడ్డాయి. కూర్చుంటే లేవనివ్వని, లేస్తే కూర్చోనివ్వని మోకాళ్ళు ఆవిడవి. పోయిన వారం తడిబట్టల బకెట్టుతో మేడ మెట్ల మీద జారింది, మణికట్టు విరిగింది. అప్పట్నించీ ఆఫీసు నుంచి వచ్చాక నేనే మిషను వేస్తున్నాను. ఆ చప్పుడే పై వాటాకి వినిపించింది.

భోజనాల దగ్గర మా ఆయన, "మధ్యాహ్నానికి ఇంటికొచ్చేలా హాఫ్‌డే అడగరాదూ?" అన్నాడు.

"హాఫ్‌డే వాళ్ళకి ప్లానింగ్‌లో సీటుండదు. ఫిర్యాదుల కౌంటరుకి తోసేస్తారు."

"ఎక్కడైనా కుర్చీయేగా."

నేను లేస్తే ఆ గడి గురించి అడిగేవాళ్ళు ఇంక ఉండరని ఈయనకెలా చెప్పను? నేనుండి మాత్రం ఏం మార్చాను? అయినా గింజుకున్నాను. "పాత ప్లానుకే పోదాం."

"సంతకం పెట్టాక ఏడాది దాకా కదలనివ్వరు."

"పోనీ మీరు రెండు మధ్యాహ్నాలు ఇంటి నుంచి పని చేసుకోండి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేనేదో అనకూడని మాట అన్నట్టు చూశాడు. తర్వాత సర్దుకుని, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు: "అమ్మ కట్టు విప్పేదాకానేలే. ఆ తర్వాత ఎప్పట్లానే. ఇంట్లో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు."

ఎడమచేత్తో చెంచా పట్టుకుని తంటాలు పడుతున్న అత్త తలెత్తకుండానే అంది:

"ఆ ఎవరో ఒకరు ఇన్నేళ్ళూ నేనేరా. కట్టు విప్పినా ఇంక చెయ్యను."

మా ఆయన తల మెల్లిగా నా వైపు తిరిగింది.