ఓడిన బట్ట

ఓట్ల లెక్క తేలగానే అందరూ పెద్ద అంకె వైపు చూస్తారు. నేను చిన్న అంకె వైపు చూస్తాను. అందులో ఒక ఓటు మా పిట్టది.

ముందు మా కార్యక్రమం సంగతి చెప్పాలి, లేకపోతే నేనేదో ఎన్నికల్లో నిలబడ్డాననుకుంటారు. మేం వీడియోలు తీస్తాం. ఎక్కడో దిక్కూ దివాణం లేని గది ఒకటి ఉంటుంది. ఆసుపత్రిలో రోగుల తాలూకు మనుషులు కూర్చునే గదో, చెవులు వినపడని పిల్లల బడిలో పుస్తకాల గదో. మొదటి వీడియోలో ఆ గది చూపించి, చూసేవాళ్ళనే అడుగుతాం. గోడకి ఈ రంగా, ఆ రంగా? కిటికీకి ఈ బట్టా, ఆ బట్టా? వాళ్ళు ఫోన్లో ఓటు వేస్తారు. ఏది గెలిస్తే దానితో గది బాగుచేసి రెండో వీడియోలో చూపిస్తాం. ఖర్చంతా ఒక కర్టెన్ల కంపెనీది. పని చేసేవాళ్ళమంతా ఊరికే వచ్చి చేసిపోతాం. పెయింటరున్నాడు, ఎలక్ట్రీషియనున్నాడు, టైలర్ని నేను.

పిట్ట మా ఆయన చెల్లెలి కూతురు. నోరు మూతపడదు కనక ఆ పేరు నేనే పెట్టాను. దానికి తండ్రి లేడు. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తల్లికి పెద్ద జబ్బు చేసింది. "కోలుకునేదాకా చూడు వదినా" అని మా ఇంట్లో దింపి వెళ్ళింది. చూశాను. పాలపళ్ళు ఊడటం చూశాను, కొత్తవి రావడం చూశాను, సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుంటే నేను ఏడవడం అది చూసింది. సాయంత్రాలు నేను మిషను తొక్కుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. దారపు ఉండలకి ఫోను ఆనించి ఇద్దరం ఈ కార్యక్రమమే చూసేవాళ్ళం.

ఓటు వెయ్యడం పిట్ట పని. ఏది ఓడిపోయేలా ఉంటే సరిగ్గా దానికే వేసేది.

"బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదే ఓటుని" అనేదాన్ని.

"పాపం అత్తా, దానికెవరూ లేరు" అనేది.

మా ఆడపడుచు కోలుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం సంపాదించుకుంది, ఇల్లు తీసుకుంది, వచ్చి తన కూతుర్ని తను తీసుకెళ్ళింది. కన్నతల్లి బిడ్డని తీసుకెళ్తే తప్పు పట్టడానికి నేనెవరిని? అయినా పట్టాను, మనసులో. మొదట్లో రోజూ ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ఆడపడుచే అందుకుంది.

"ఏమీ అనుకోకు వదినా. నువ్వు ఫోన్ చేసిన రోజు అది కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. ఇక్కడ కుదురుకోవాలి కదా. కొన్నాళ్ళు చెయ్యకు."

"సరే" అన్నాను. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

మా ఆయనది తాళాలు బాగుచేసే షాపు. ఆ రోజు నుంచి ఆయన పిట్ట పేరెత్తడు. నేనెత్తితే, కుళాయి కట్టేసి వస్తానని లేచిపోతాడు. అన్ని కుళాయిలు మా ఇంట్లో లేవు.

అలాంటి రోజుల్లో ఆ కార్యక్రమం వాళ్ళు, కుట్టుపని వచ్చినవాళ్ళు కావాలని అడిగారు. వెంటనే చేరిపోయాను. పుణ్యం కోసమని అందరికీ చెప్పాను. పుణ్యం మాట దేవుడెరుగు. పిట్ట ఆ వీడియో చూస్తుంది, చూస్తే నేను కనపడతాను, అదీ నా ఆశ. తీరా చేరాక తెలిసింది, టైలరు మొహం చూపించరట, చేతులే చూపిస్తారట. పోనీలే, నా చేతులు దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఇంట్లో వేసుకునే గాజులే వేసుకుని వెళ్ళేదాన్ని.

వీడియోలు తీసే అమ్మాయికి మేం పెట్టుకున్న పేరు ఇంకోసారి మేడమ్. కత్తెర పట్టుకుంటే "ఇంకోసారి పట్టుకోండి" అంటుంది. సూదిలో దారం ఎక్కిస్తే "ఇంకోసారి ఎక్కించండి" అంటుంది. ఎక్కిన దారం పీకి మళ్ళీ ఎక్కించడం నా వల్ల కాదని ఓరోజు కసిరాను. "ఆంటీ, కోపంలో మీ చేతులు భలే వస్తున్నాయి. ఇంకోసారి" అంది. దానితో పోట్లాడటం గోడతో పోట్లాడటమే. కంపెనీ తరఫున వచ్చేది బ్యానరాయన. పైకప్పు ఊడి నెత్తిన పడుతున్నా సరే, వెనక బ్యానరు కనపడుతోందా లేదా అన్నదే ఆయన దిగులు.

ఓడిన బట్ట మడతపెట్టి సంచిలో వేసుకుని ఆయన వెనక్కి పట్టుకుపోయేవాడు. మొదటిసారే నాకు మనసొప్పలేదు. ఒక పట్టీ కత్తిరించి, గెలిచిన కర్టెన్ కింది మడతలో, బయటికి కనపడకుండా పెట్టి కుట్టేశాను. అంచు బరువుగా ఉంటే కర్టెన్ నిటారుగా వేలాడుతుందని వాళ్ళకి చెప్పాను. అది నిజమే, కాకపోతే నేను కుట్టింది అందుకు కాదు. ఇంకోసారి మేడమ్‌కి అది తెగ నచ్చింది. ప్రతి వీడియోలోనూ మడత కుట్టడం దగ్గరగా చూపించి, ఓడినవాళ్ళకీ ఇక్కడ చోటుంది అని కింద రాయడం మొదలుపెట్టింది. జనానికీ నచ్చింది. నాకు మాత్రం జనంతో పని లేదు. ఒక్క పిల్ల చూసి, మా అత్త నన్ను మర్చిపోలేదు అనుకుంటే చాలు.

వీడియో కింద జనం రాసేవన్నీ పొల్లు పోకుండా చదువుతాను. "ఆంటీ చేతులు బంగారం" అని ఎవరు రాసినా వాళ్ళ ఫోటో పెద్దది చేసి చూస్తాను. ఓసారి గుండె ఆగినంత పనై పెద్దది చేస్తే, బుర్రమీసాలాయన. ఆయనకి దండం పెట్టి ఫోను పక్కన పడేశాను.

నేను చేరిన సంవత్సరానికి ఒక ఎపిసోడ్ లైవ్ పెట్టారు. మేం పని చేస్తుండగానే జనం చూస్తారు, వీడియో కాల్ చేసి మాట్లాడతారు. మేడమ్ మొదటిసారి భయపడటం చూశాను.

"లైవ్‌లో ఇంకోసారి ఉండదు ఆంటీ. నోరు జారితే జారినట్టే. తర్వాత తీసెయ్యడానికి కూడా ఉండదు. కంపెనీ వాళ్ళతో ఒప్పందం, ఉన్నదున్నట్టు ఉంచాలి."

ఇంటికొచ్చి ఈ మాటే మా ఆయనకి చెప్పాను. "ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చట" అని కూడా కలిపాను. ఆయన ఒక తాళంచెవిని అరగదీస్తూ, ఆ పూట షాపులో పనుందన్నాడు.

ఈసారి గది పిల్లల వార్డు పక్కన, జబ్బు పిల్లల తల్లులు పడుకునేది. నీలం మీద తెల్ల చుక్కల బట్ట ఒకటి, గోధుమరంగు గళ్ళ బట్ట ఒకటి పోటీకి పెట్టారు. గళ్ళ బట్ట చిత్తుగా ఓడింది. ఎంత చిత్తుగా ఓడితే నాకంత సంబరం, ఆ కాసిన్ని ఓట్లలో మా పిట్ట వాటా పెద్దదవుతుంది కదా. కిటికీ దగ్గర మిషను వేశారు, ఎదురుగా కాల్ చేసినవాళ్ళు కనపడే తెర పెట్టారు. తల్లులు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మేడమ్ ఒక్కో కాల్ తీసుకుని మాట్లాడుతోంది. ఎవరో ముసలాయన గోడ రంగు మెచ్చుకున్నాడు. ఒకావిడ తన పెళ్ళి సంగతులన్నీ చెప్పుకుంది. నేను గళ్ళ పట్టీని మడతలో పెట్టి సూది కింద సర్దాను.

"ఎవరో పాప లైన్లో ఉంది. చెప్పు తల్లీ" అంది మేడమ్.

"టైలర్‌తో మాట్లాడాలి."

గొంతు కొంచెం ముదిరింది. అయినా నా కాలు మిషను మీద ఆగిపోయింది. తలెత్తి తెర వైపు చూశాను. జుట్టు పొట్టిగా కత్తిరించారు. మొహం సాగింది. అది తెర నిండా ఉంది. నేను ఏడాదిగా చేతులతో వెతుక్కుంటున్న మొహం.

"అత్తా, నేనే."

"మీ మేనకోడలా ఆంటీ? చెప్పనేలేదే" అంది మేడమ్. బ్యానరాయన పక్క నుంచి, కొంచెం ఇటు జరగమని చేత్తో సైగలు చేస్తున్నాడు. జరగలేదు.

"బాగున్నావా?" అన్నాను. అంతకంటే తెలివైన మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"బాగున్నా. అత్తా, ఎప్పుడూ ఓడిపోయిన బట్ట లోపల పెట్టి కుడతావెందుకు?"

"నువ్వు దానికే కదే వేస్తావు."

అది నవ్వింది. "లేదత్తా. నేను నీలం దానికే వేశా. అమ్మా నేనూ, కింద వాటాలో పిల్లలూ అందరం కలిసి చూస్తాం. ముందే అనుకుని ఒకేదానికి వేస్తాం. ప్రతిసారీ మేమే గెలుస్తాం."

"ప్రతిసారీనా?"

"ఆఁ. ఒక్కసారి కూడా ఓడిపోలేదు."

నేను ఏడాది పొడుగునా చిన్న అంకెలో దాన్ని వెతికాను. అదేమో పెద్ద అంకెలో, బోలెడు మందితో కలిసి, హాయిగా ఉంది. నాకు సంతోషం వేసింది. ఏడాదిగా కుట్టిన పట్టీలన్నీ విప్పెయ్యాలని కూడా అనిపించింది. రెండూ నిజమే. ఒకదాన్ని దాచి ఇంకొకటి చెప్పడం నాకు రాదు.

"మంచిదమ్మా" అన్నాను.

"అత్తా, నా వైపు చూడకు. కుట్టుకుంటూ మాట్లాడు. అప్పట్లో లాగా."

తల దించుకుని మిషను తొక్కాను. అంతమంది చూస్తుండగా మిషను చప్పుడు ఒక్కటే వినపడింది. కుట్టు వంకర పోతోందని తెలుస్తూనే ఉంది, కళ్ళు మసకేసి సరిచెయ్యలేకపోయాను. ఒక్కసారి ఉండబట్టలేక ఓరగా చూశాను. తెర మీద దాని పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి, నుదుటి మీది జుట్టు చెవి వెనక్కి సర్దింది. మా ఆడపడుచు చెయ్యి. పక్కనే కూర్చుని తనే కలిపి ఇచ్చిందన్న మాట ఈ ఫోను. ఆ సర్దడం దగ్గర నా కోపం సగం కరిగిపోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, నాకూ ఏదో ఒకటి ఉండాలి కదా.

"అమ్మ రమ్మంటోంది. ఉంటానత్తా."

"ఉండు" అన్నాను. ఉండమని అడిగానో, సరే వెళ్ళమన్నానో నాకే తెలియదు. తెర మీద ఇంకెవరో ఆయన వచ్చి, కర్టెన్ కంపెనీకి అభినందనలు చెప్పాడు. బ్యానరాయన మొహం వెలిగిపోయింది.

పొద్దువాలే వేళకి ఇంటికి చేరాను. మా ఆయన అప్పటికే షాపు కట్టేసి వచ్చి, భోజనానికి ఇద్దరికీ కంచాలు పెట్టి కూర్చున్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన కంచాలు పెట్టడం నాకు జ్ఞాపకం లేదు.

"మాట్లాడిందట కదా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారులే. తాళం కోసం వచ్చి." కాసేపు కంచంలోకి చూశాడు. "నా గురించి అడిగిందా?"

అబద్ధం చెప్పాల్సిన చోటల్లా నిజం చెప్పి చుట్టాల్ని పోగొట్టుకున్నదాన్ని నేను. నలుగురిలో ఆయనే ఈ మాట అని నవ్విస్తుంటాడు. ఆ మొహం చూశాక మాత్రం, లేదని చెప్పలేకపోయాను.

"అడిగింది. మామయ్య ఇంకా గురక పెడుతున్నాడా అంది."

"నువ్వేమన్నావు?"

"పైకప్పు లేచిపోతోందన్నాను."

ఆయన నవ్వాడు. పిట్ట వెళ్ళాక ఆ నవ్వు మళ్ళీ ఇదే వినడం. నవ్వి, లేచి చేతుల మసి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నా ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇందులో ఉంటుందిగా. ఆ ముక్క పెట్టు, వింటాను."

ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. "ఆ ముక్క తీసేశారు" అన్నాను. "ఎక్కువైందని."

లైవ్‌లో తీసెయ్యడం ఉండదని ఆయనకి చెప్పిందే నేను. ఆయన ఫోను వెనక్కి తీసుకుని, తెర మీద ఏదో మరక ఉన్నట్టు తువ్వాలుతో తుడిచి, నా పక్కన పెట్టాడు.

"తీసేస్తారులే. ఇంటి సంగతులు, జనానికెందుకు" అన్నాడు.

వడ్డించాను. ఆయన తినలేదు, నేనూ తినలేదు. చివరికి కంచం పక్కకి జరిపాడు.

"ఈసారి మాట్లాడితే, గురక తగ్గిందని చెప్పు."