రాణి మాట

సకల జనుల సమ్మెలో నేను పనిచేసే స్కూలు మూతపడిందని, మరిపెడ ఫంక్షన్ హాల్లో ఊరివాళ్లకు ఒక పాత ఫ్రెంచ్ విషాద ప్రేమకథ సినిమా వేశాను. ఆ భాష ఎవరికీ రాదు కనుక మైకు పట్టుకుని నేనే మాటలు చెబుతున్నాను.

సగంలో ఉద్యమకారులు తలుపులు తోసుకుని వచ్చారు.

"సమ్మెల సినిమాలేంది? ఆపుండ్రి!" వాళ్ల నాయకుడు ప్రేమ్‌సింగ్ అరిచాడు.

తెర మీద రాణి విషం తాగి ప్రియుడి ఒడిలో వాలింది. నేను ఆపకుండా ఆమె మాటలు చెప్పాను. "గిప్పుడొచ్చినవా? జర నా చెయ్యి పట్టుకో. నేను పోతున్న."

ప్రేమ్‌సింగ్ వెంట వచ్చినవాళ్లే కిసుక్కున నవ్వారు. మన యాస వినబడితే నవ్వాలని సినిమాలే నేర్పాయి కదా! నాకు ఒళ్లు మండింది.

అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. "మన మాటల సచ్చిపోతున్నదిరా ఆమె. నవ్వెట్లొస్తుంది మీకు?"

ప్రేమ్‌సింగ్ తెర మీది ప్రియుణ్ణి చూస్తూ నేల మీదే కూర్చున్నాడు.

"చెప్పు గజాలక్కా. గాయన ఏమన్నడు?"