ఎడమ చెయ్యి

"రెండు పళ్ళు పీకించుకోడానికి ఊరందరికీ సరిపడా వంట చేయాలా?" అన్నాడు భర్త, ఫ్రిజ్ తలుపు తీసి.

లోపల అరలన్నీ డబ్బాలే. ఆమె తెల్లవారకముందే లేచి కూరలు వండి, చల్లార్చి, మూతలు పెట్టి సర్దింది. ఊరందరికీ కాదు, అచ్చంగా అతనికీ, అతని తల్లికీ. పన్ను తీయించుకుని వచ్చాక తను తినబోయేది మెత్తగా కలుపుకున్న అన్నం. అది వండుకోవడానికి మాత్రం ఇంకా తీరిక దొరకలేదు. పొద్దుటి నుంచీ ఆమెకు ఒకటే కంగారు. కూర తరుగుతూ, గిన్నెలు కడుగుతూ ఉంటే అది ఎవరి కంటా పడదు. అందుకని ఆ డబ్బాల్లో సగం వాళ్ళ ఆకలి కోసమైతే, సగం తన భయం కోసం.

"ఈ వయసులో పళ్ళకి క్లిప్పులేమిటమ్మాయ్, ఇప్పుడెవరు చూడొస్తారని?" అని అత్తగారు మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. పోనీలే, ఆవిడ గొంతులో కాస్త జాలైనా ఉంటుంది. భర్తకు అదీ లేదు. హాస్టల్లో చదువుకుంటున్న కూతురికి క్లిప్పులు వేయించినప్పుడు ఒక్క మాట అనని మనిషి, తనకూ వేయించుకుంటానని ఆమె చెప్పిన రోజున "దానికి ముందు బోలెడు జీవితం ఉంది. నీకేముంది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అనేసి, టీవీ శబ్దం పెంచుకున్నాడు.

ఏముందో ఆమె చెప్పలేకపోయింది గానీ, ఉంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. రోజంతా ఎవరో ఒకరి ముఖానికి జానెడు దూరంలో నిలబడి ఫ్రేము సర్దడం, "ఎక్కడైనా నొక్కుతోందా?" అని అడగడం ఆమె పని. చాలామంది మొహమాటానికి పోయి "లేదు లేదు, బావుంది" అంటారు. వాళ్ళ కనుబొమలు మాత్రం మొహమాటపడవు. అవి ముడిపడితే ఆమె ఫ్రేము తీసి, వేడిచేసి, మళ్ళీ వంచుతుంది. అంత దగ్గరగా మాట్లాడాలి కాబట్టి, ఎత్తుపళ్ళు కనపడకుండా పైపెదవి కిందికి లాక్కుని మాట్లాడటం ఎప్పుడో అలవాటైపోయింది. దుకాణం బోర్డు కోసం ఫొటో తీయించిన రోజున యజమాని "మీరు కాస్త పక్కకి జరగండమ్మా, నవ్వుముఖం కావాలి" అన్నాడు. అప్పుడు ఆమె నవ్వుతూనే ఉంది. ఎవరో చూడాలని కాదు, చూసేవాళ్ళు పక్కకి జరగమనకుండా నోరారా నవ్వాలని అనిపించింది ఆమెకు. తన కోసమంటూ ఈ మధ్య ఆమె కోరుకున్నది ఇదొక్కటే.

అంత చిన్న కోరికకీ రెండు పళ్ళు అడ్డొచ్చాయి. ముందు పళ్ళు వెనక్కి జరగాలంటే జాగా కావాలి, పైవరసలో ఈ పక్కొకటీ ఆ పక్కొకటీ తీయాలి అంది డాక్టరు. పుచ్చినవి కావు, శుభ్రమైన పళ్ళు. కిందటిసారి ఆమె ఒక్కతే ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరో మూలిగిన చప్పుడు విని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అది తెలిసే ఈసారి భర్త సెలవు పెట్టి మరీ బయల్దేరాడు. "డబ్బు కట్టేశాం కదా, దగ్గరుండి పీకిస్తా. లేకపోతే మళ్ళీ తోక ముడుస్తావు" అన్నాడు దారిలో.

దారి పొడవునా ఆమెకు ఒకటే గుర్తొస్తోంది. చిన్నప్పుడు ఊడని పాలపన్ను తీయించడానికి తీసుకెళ్తే, నాన్న ఒక చెయ్యి, బాబాయి ఒక చెయ్యి పట్టుకున్నారు. మత్తుమందు పట్టలేదని అరుస్తూనే ఉంది తను. "ఏం లేదు, ఏం లేదు, అయిపోయింది" అంటూనే ఉన్నారు వాళ్ళు. అయిపోలేదు. చాలాసేపు కాలేదు. తర్వాత కాన్పు బల్ల మీదా అంతే. నొప్పి ఓర్చుకోలేను, కాసేపు ఆగమంటే, "అందరూ కనడం లేదా?" అని నర్సు కసిరింది. భర్తకు ఆ సంగతి చెబితే, ఆ నర్సు అన్నదాంట్లో తప్పేముందన్నాడు. ఒంట్లోని నొప్పి ఎప్పుడో మరిచిపోయింది. చెప్పినా ఎవరూ ఆగకపోవడాన్ని మాత్రం మరిచిపోలేకపోయింది.

ఆసుపత్రిలో కుర్చీ మెల్లగా వెనక్కి వాలింది. నెత్తి మీద దీపం వెలిగింది. పక్కన పళ్ళెంలో పట్టకారు మెరుస్తూ కనపడింది.

"మా ఆవిడకి పిరికితనం ఎక్కువండీ," అన్నాడు భర్త, స్టూలు దగ్గరికి జరుపుకుని. "ఆవిడ ఏమన్నా పట్టించుకోకండి. మీ పాటికి మీరు కానిచ్చేయండి. నేను పట్టుకుంటా." అని ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. ఆమెకు మాత్రం నాన్న చెయ్యీ, బాబాయి చెయ్యీ గుర్తొచ్చాయి.

డాక్టరు అతని మాట విననట్టే ఆమె వైపు వంగింది. "మీరు చెప్పండి. దేనికి భయం? సూదికా, నొప్పికా?"

"నోరు తెరిచాక మాట్లాడలేను కదండీ," అంది ఆమె. "మాట్లాడినా ఎవరూ ఆపరు."

"అయితే మాట్లాడొద్దు. ఎడమ చెయ్యి పైకెత్తండి, ఆపేస్తాను. ఎందుకెత్తారని అడగను."

అందరూ ముందు ఇలాగే అంటారు. ఆమె నమ్మలేదు. సూది దిగింది, చిగురు మొద్దుబారింది, పెదవి తనది కానట్టు వేలాడింది. పట్టకారు పన్నుకి తగిలీ తగలగానే ఆమె చెయ్యెత్తేసింది. నొప్పేమీ లేదు. ఊరికే ఎత్తింది.

డాక్టరు పట్టకారు బయటికి తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

భర్త నవ్వాడు. "నొప్పి లేకుండానే ఎత్తిందండీ. నాకు తెలీదా?"

"ఎత్తారు కదండీ," అంది డాక్టరు.

ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి దించాక డాక్టరు మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె మళ్ళీ ఎత్తింది. డాక్టరు మళ్ళీ ఆగింది. ఆమె ఇంకోసారి ఎత్తింది. ఈసారైనా విసుక్కుంటుందని డాక్టరు ముఖంలోకే చూసింది. ఆ కనుబొమలు కదల్లేదు.

ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి.

"చూశారా, ఏడుస్తోంది. నేను చెప్పలా, ఒట్టి పిరికిది," అన్నాడు భర్త.

అది భయం కాదు. ఆగమంటే ఆగేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని నలభై దాటాక తెలిసింది, అందుకు ఏడుపొచ్చింది. ఇంత తేలిక పనిని ఇన్నేళ్ళుగా ఒక్కరూ చేయలేదే అని వచ్చింది.

ఆమె చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నోరు బాగా తెరిచింది. దవడలో ఎక్కడో కరకరమంది. నొప్పి లేదు గానీ, తల మొత్తం ఎవరో అటూ ఇటూ ఊపినట్టయింది. ఎత్తాలనిపించింది, ఎత్తలేదు. ఎత్తితే ఆగుతుందని తెలుసు కాబట్టి ఓర్చుకోగలిగింది. కాసేపటికి పళ్ళెంలో టక్కుమని శబ్దమైంది. డాక్టరు దూదుండ పెట్టి, గట్టిగా కొరికి పట్టుకోమంది.

"రెండోది ఇవాళే తీయమంటారా, ఇంకో రోజు వస్తారా?"

"తీసెయ్యండి, తీసెయ్యండి," అన్నాడు భర్త. "నాకు మళ్ళీ మళ్ళీ సెలవు దొరకదు. నేను పట్టుకుంటాగా."

డాక్టరు మాత్రం ఇంకా ఆమెనే చూస్తోంది. ఆమె దూది తీసి చేత్తో పట్టుకుంది. కుడి మణికట్టు అతని గుప్పిట్లోంచి లాక్కుంది. మొద్దుబారిన పెదవితో మాట ముద్దముద్దగా వచ్చింది గానీ, గదిలో ఇద్దరికీ స్పష్టంగానే వినపడింది.

"ఇవాళే తీయండి డాక్టరుగారూ."

తర్వాత భర్త వైపు తిరిగింది.

"మీరు బయట కూర్చోండి."