కిటికీ పక్క కంప్యూటర్

రెండు కంప్యూటర్లు చూడడం అయ్యాక, బాబాయ్ మూడోదాని ముందుకి కుర్చీ లాక్కుని స్టాప్‌వాచ్ మీద బొటనవేలు పెట్టాడు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం ఆ కంపెనీ ఎడిటర్ అనే ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అది విండోస్, మ్యాక్, లినక్స్ అనే మూడు రకాల కంప్యూటర్లలో ఎంత చురుగ్గా తెరుచుకుంటోందో రోజూ పొద్దున్నే కొలిచి చెప్పడం ఆయన ఉద్యోగం. బట్టతల, జారిపోయే ప్యాంటు, ఎవరి జోలికీ పోని మనిషి.

కిటికీ పక్కనున్న లినక్స్ కంప్యూటర్‌లో ఎడిటర్ ఎప్పుడూ వెనకే. ఏడాదిగా ఇదే గోల. ఆ వెర్షన్ రాసే అమ్మాయి, పాపం, చేయని ప్రయత్నం లేదు. బరువు తగ్గుతుందని రంగులు తీసేసింది, వెతికే సదుపాయాలు కత్తిరించింది. "ఇదేం ఎడిటరండీ, ఇంత బోసిగా!" అని వాడేవాళ్లు తిట్టిపోశారు. మేనేజరు అక్షింతలు సరేసరి. చివరికి నీ వల్ల కాదు పొమ్మన్నారు. ఇవాళే ఆమెకి ఆఖరి రోజు.

ఇవాళ మొదటి రెండూ నత్తనడక నడిచాయి. మూడోదీ అంతే. "ఇదెక్కడి చోద్యం!" అనుకున్నాడు. రాత్రి కరెంటు పోయి కంప్యూటర్లు ఆగిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎడిటర్‌ని మూసి, మూడింట్లోనూ మళ్లీ తెరిచాడు. మూడింట్లోనూ చటుక్కున తెరుచుకుంది.

విషయం బోధపడింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాక ఏది తెరిచినా మొదటిసారి ఆలస్యమే, అంతా డిస్కులోంచి ఈడ్చుకురావాలి మరి. రెండోసారికి అదంతా మెమరీలో సిద్ధంగా ఉంటుంది. ఈ పనిలో ఇవి ఓనమాలు. మిగతా రెండింటినీ ఎవరూ ఆపరు. కిటికీ పక్కదాన్ని మాత్రం, ఫ్యాను రొద పెడుతోందని, రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ ఆయనే ఆపేసేవాడు. ఎంత ఘనకార్యం! తప్పు తనది, శిక్ష ఆ పిల్లకి. తల కొట్టేసినట్టయింది.

లేచి మేనేజరు గది దాకా వెళ్లాడు.

"ఏంటి బాబాయ్?"

ఇంత వయసొచ్చి ఇలాంటి పని చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

"ఏం లేదు సార్. ఆ ఫ్యాను... బాగా చప్పుడు చేస్తోంది."

"సర్లే, మార్పిద్దాం."

మధ్యాహ్నం ఆ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని ఆయన దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, ఇవాళన్నా ఏమైనా తేడా ఉందా? నా కోసమని అబద్ధం చెప్పకండి."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉందమ్మా. మిగతావాటితో సమానంగా వచ్చింది."

ఆమె మొహం విప్పారింది. "హమ్మయ్య! అయితే నేను పడ్డ పాట్లు ఊరికే పోలేదన్నమాట." ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "ఇన్నాళ్లూ నన్ను ఒక్క మాట కూడా అననిది మీరొక్కరే బాబాయ్."

"జాగ్రత్తమ్మా" అన్నాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. వెంట పరిగెత్తి చెప్పేయొచ్చు, మెట్లున్నాయి. ఆయన పరిగెత్తలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, నలుగురూ చూస్తున్నారని నవ్వు మొహం పెట్టుకుని, ఆమె కూర్చునే చోటికి వెళ్లి నిలబడ్డాడు.

ఖాళీ బల్ల మీద, మూత సరిగ్గా బిగించని కంటిచుక్కల మందు సీసా ఒకటి, అడుగంటిపోయి, మిగిలింది.