వెనక హ్యాండిలున్న బండి

మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక ఝాన్సీ గడప మీద కూర్చుని ఫోన్ తీసేది. చక్రాలు, ఇంజిన్లు, సీట్లు ఏరుకుని నచ్చిన బండి కట్టుకుని గుట్టలెక్కించే ఆట అది. బండి బోల్తాపడి ముక్కలైనా ఒక్క నొక్కు నొక్కితే చాలు, మళ్లీ నిలబడుతుంది. మొగుడి చేతిలో రెండు పళ్లు పోగొట్టుకున్న మనిషికి ఆ ఒక్క నొక్కు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు.

ఆటలో పూర్తయిన బండి సాయంత్రానికి మేడ్చల్‌లో వాళ్ల వెల్డింగ్ షెడ్డు ముందు ఉండేది. దానికెవరూ వింతపడలేదు. పక్కింటి వజ్రమ్మ దాని మీద జొన్నల సంచి వేసుకుని పిండి గిర్నీకి పోయొచ్చేది. ట్రాఫిక్ వాళ్లకైతే నంబర్ ప్లేట్ లేదన్న బాధ తప్ప మరోటి లేదు.

అసలు బాధంతా ఆమె మొగుడు జాన్సన్‌ది. ట్రాక్టర్ ట్రాలీలు కట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఏ ట్రాలీ అయినా ఇచ్చేముందు ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి చూస్తాడు. ఊడితే 'టాకా మాల్' అంటాడు, పైపైన అంటించిన సరుకని. ఝాన్సీ బండ్లు ఒక్క దెబ్బకే ఊడేవి. అయినా జనం వాటినే మెచ్చుకుంటుంటే అతనికి కడుపు మండింది. ఓ రోజు బండి మీద పడాల్సిన సుత్తి ఆమె కుడిచేతి మీద పడింది. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. కట్టు కట్టించుకొచ్చి, ఎడమ బొటనవేలితో తొమ్మిది రోజులు ఇంకో బండి కట్టింది. ఆటలోనే దాన్ని నలభైసార్లు విడగొట్టి చూసుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి బండి షెడ్డు ముందుంది. జాన్సన్ సుత్తి తెచ్చి ఇరవై దెబ్బలు కొట్టాడు. ఒక్క అతుకూ ఊడలేదు. అతుకు గట్టిదైతే బండి మంచిదేనని నమ్మే మనిషి, ఇంకేమీ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. వెనక సీటుకూ ఓ హ్యాండిల్ ఉంటే మాత్రం నవ్వొచ్చింది.

"గీ ఎనక హ్యాండిల్ ఎందుకే? పాస్టరయ్య నడుపుతడా?"

జుట్టు పట్టి ఆమెను ఆ సీట్లోకి ఈడ్చాడు. శామీర్‌పేట చెరువులో ఫోన్ పారేస్తానని, ఆ తర్వాత ఎడమచేతి పని పడతానని దారంతా చెప్పాడు. చెప్తూనే వెనక్కి తిరిగి మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లి చీరంతా రక్తమైంది. ఝాన్సీకి నిజంగా భయం వేసింది. ఆ చెయ్యీ పోతే ఈ జన్మలో ఇంకేదీ కట్టలేననుకుంది.

చెరువు మలుపు దగ్గర సీటు కింది మీట నొక్కింది. సుత్తికి లొంగని ఆ నడిమి అతుకు అసలు అతుకే కాదు, మీటకు మాత్రమే విడిపోయే కొక్కెం. బండి రెండైంది. వెనక సగానికి దాని ఇంజిన్ దానికుంది.

పెళ్లయ్యాక మొదటిసారి మొగుణ్ణి పేరుపెట్టి పిలిచింది.

"జాన్సన్, బ్రేకు నా దిక్కున్నది."

అతను వెనక్కి చూసేసరికి మలుపు తప్పింది. ముందు సగం తిన్నగా దిగి బండరాళ్లకు గుద్దుకుంది. ఎముకలు విరిగిన చప్పుడు రోడ్డు దాకా వినిపించింది, ఆ వెంటనే బూతులు. బతికే ఉన్నాడని ఆమెకు అర్థమైంది. జనం అటు పరుగెత్తుతుంటే ఆమె హ్యాండిల్ తిప్పి కీసర రోడ్డెక్కింది.

కొంతదూరం పోయాక కూరగాయల గంపతో నిలబడ్డ ఓ ముసలామె చెయ్యెత్తి బండి ఆపింది.

"కీసర పోతదా బిడ్డా?"

ఝాన్సీ కొంగుతో పెదవి తుడుచుకుని పక్కకు జరిగింది.

"పోతది. ఎక్కు అవ్వా."