గుట్టకు కొలతలు

దర్జీ షాపు నడిపే ఆమె మెట్ల మీద జారిపడి, ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఏడు నెలలైంది. "ఇక నిక్షేపంగా నడవండి, మెట్లెక్కండి" అని డాక్టరు చెప్పి కూడా రెండు నెలలైంది. అయినా ఆమె ఇంటి నుంచి షాపుకు, షాపు నుంచి ఇంటికి తప్ప మరో వైపు అడుగు వేసి ఎరగదు. కాలి కుట్లు విప్పారు గానీ, మనసులో భయం కుట్లు అలాగే ఉండిపోయాయి.

శనివారం మధ్యాహ్నం ఆడపడుచు షాపుకొచ్చింది. ఆమె లెక్కల టీచరు. అన్నగారి భార్య అలా గూట్లో పిట్టలా ఉండిపోవడం ఆమెకు నచ్చడం లేదు. వస్తూనే, కత్తిరించే బల్ల మీద ఉన్న గుడ్డను పక్కకు జరిపి, గుట్ట ఉన్న పార్కు మ్యాపు పరిచింది.

"రేపు పొద్దున గుట్ట ఎక్కుతున్నాం వదినా. చిన్న దారే. కిలోమీటరు కూడా ఉండదు."

"నువ్వు ఎక్కు టీచరమ్మా. నాకు కుట్టాల్సిన జాకెట్లు రెండున్నాయి."

"జాకెట్లు సోమవారం కూడా ఉంటాయి."

ఇంక వాదించి లాభం లేదని ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మ్యాపు మీదికి వంగింది. గుట్ట చుట్టూ సన్నటి గీతలు వంకర్లు తిరుగుతూ ఉన్నాయి. టీచరు ఎర్ర పెన్నుతో దిద్దిన దారి వాటిని నిలువునా కోసుకుంటూ పైకి పోయింది.

"ఈ గీతలేంటి? ఇక్కడ కుచ్చిళ్లు పెట్టినట్టు ఒకదాని మీదొకటి పడ్డాయేం?"

"అన్నీ ఎత్తు చూపించే గీతలు. దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువుగా ఉన్నట్టు."

"అంటే నన్ను కుచ్చిళ్లలోంచి ఎక్కిస్తావన్నమాట." ఆమె వేలు మ్యాపు మీద మెల్లగా పక్కకు జరిగింది. "మరి ఇటు చూడు. ఇక్కడ గుడ్డ వదులుగా ఉంది. ఈ చుక్కల గీత దారేనా?"

టీచరు ముఖం మ్యాపుకు ఆనించినంత పనిచేసింది. దారే. గుట్టను వెనక నుంచి చుట్టి పోయే పాత దారి. తనకు కనబడనే లేదు.

వదిన కుట్టు డబ్బాలోంచి దారపు ఉండ తీసి, ఒక్కో మలుపు దగ్గర గుండుసూది గుచ్చుతూ దారాన్ని ఆ చుక్కల వెంట పరిచింది. తర్వాత దాన్ని సాగదీసి టేపుతో కొలిచింది. టీచరు దాన్ని మ్యాపు స్కేలుతో గుణించింది. పైకి రెండు కిలోమీటర్ల చిల్లర.

"దూరం రెట్టింపు దాటింది కదా వదినా."

"అవనీ. దూరానికి నాకు భయం లేదు." ఆ మాట అన్నాక, తాను వస్తానని ఒప్పేసుకున్నట్టు ఆమెకే తెలిసింది. ఎక్కడ ఆగాలో, నీళ్లు ఎన్ని సీసాలు కావాలో ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు. ఆ సాయంత్రం జాకెట్లు రెండూ బల్ల మీదే ఉండిపోయాయి.

ఆదివారం ఎండ ఎక్కకముందే బయల్దేరారు. దారి నిజంగానే వదులుగా ఉంది. గడ్డి మీద మంచు తడి, చెట్ల మధ్య చల్లటి గాలి. మాటల్లో పడి సగం దూరం తెలియలేదు. ఆ పైన, మ్యాపులో లేని ఐదు రాతిమెట్లు అడ్డొచ్చాయి.

ఆమె ఆగిపోయింది. మెట్లను కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. టీచరు తొందరపెట్టలేదు, చెయ్యీ ఇవ్వలేదు. పక్కన నిలబడి సీసా మూత తిప్పుతూ ఉంది.

"ఎక్కేటప్పుడు మంచికాలు ముందు," అని ఆమె తనలో తాను అనుకుంది. ఆసుపత్రిలో నేర్పిన పాఠం. కుడికాలు వేసింది, ఎడమకాలు కలిపింది. మళ్లీ కుడి. ఐదో మెట్టు మీద నిలబడి, ఏమీ జరగనట్టు చీర కుచ్చిళ్లు సర్దుకుంది. టీచరు మాత్రం కళ్లు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని చెప్పింది.

పైన గాలికి జుట్టు రేగిపోతున్నా పట్టించుకోకుండా గంటసేపు కూర్చున్నారు. అరటిపళ్లు తిన్నారు. పాత చుట్టాల కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నారు.

ఇంటికి చేరేసరికి బస్సు డ్రైవరైన భర్త డ్యూటీకి తయారవుతున్నాడు. భార్య సోఫాలో కూలబడి కాళ్లు చాపుకోవడం చూసి కంగారుగా దగ్గరికొచ్చాడు.

"నొప్పా? మోకాలేనా?"

"మోకాలు కాదు, రెండు పిక్కలూ," అందామె సంబరంగా. "గుట్టెక్కితే అందరికీ వస్తుందే, ఆ నొప్పి."