మంగళవారం సాక్ష్యం

ఏమయ్యా, నిన్నే. వెనక్కి తిరిగి చూడకు, వెనకెవరూ లేరు. పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధమూ ఆడనట్టు ఆ కూర్చోవడం చూడు. మొన్న ఫోన్లో "దారిలో ఉన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అన్నప్పుడు నువ్వింకా లుంగీలోనే ఉన్నావా లేదా? సరేలే, నీ జోలికి రాను. నీకంటే నాలుగాకులు ఎక్కువ చదివిన కోటయ్య సంగతి చెబుతాను, విను.

చదివిన అంటే బళ్ళో కాదు. బళ్ళో చదివింది ఏడో తరగతి, అదీ రెండుసార్లు. తెనాలి పక్క పల్లె నుంచి ఢిల్లీ వచ్చి, సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లకు నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరుగా కుదిరాడు. పొద్దున్నే మోటారు వేయాలి, నీళ్ళు రావడం ఆగితే కట్టేయాలి. మధ్యలో ఉన్న ఖాళీ అంతా జనాన్ని ఆటపట్టించడానికే దేవుడిచ్చాడని అతని నమ్మకం.

ఆ క్వార్టర్లలో పది పన్నెండు తెలుగు క్రైస్తవ కుటుంబాలుండేవి. ఆదివారం సాయంత్రం వారానికొక ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరంటూ వేరే ఎవరూ లేరు. ఆఫీసులో గుమస్తాగా చేసే పద్మనాభం గారే పెద్ద దిక్కు, అందరికీ ఆయనే అయ్యగారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. వారానికొకరు లేచి సాక్ష్యం చెప్పాలి. ఎప్పటివో పాత సంగతులు పనికిరావు. ఆ వారంలో, మీ ఇంట్లో, మీ చేతుల మీదుగా జరిగింది చెప్పాలి, అందులో దేవుడు నేర్పిన పాఠమేమిటో చెప్పాలి.

ఈ పాఠాల వ్యవహారం మీద కోటయ్యకు ఎడతెగని కుతూహలం. గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే సుధీర్ లేచి కంప్యూటర్ ఆపి మళ్ళీ వేయడంలో మారుమనసు ఉందన్నాడు. అయ్యగారి భార్య ఛాయాదేవి కుక్కర్ గాస్కెట్‌లో సహనం ఉందంది. నిజంగా ఉందా, లేక వీళ్ళే పెడుతున్నారా? తేల్చుకుందామని కోటయ్య కూడికకు వెళ్ళేటప్పుడల్లా సంచిలో ఏదో ఒక పనికిరానిది వేసుకెళ్ళేవాడు.

"అయ్యగారూ, ఈ తెగిన చెప్పులో పాఠమేంటండీ?"

"దాన్ని ఇంతదూరం మోసుకొచ్చావు చూడు కోటయ్యా, అదే. పారేయాల్సినవి మోస్తూ తిరుగుతాం."

అందరూ నవ్వేవారు. కోటయ్య కూడా నవ్వేవాడు గాని లోపల దురద తీరేది కాదు. ఈ పెద్దమనిషికి నిజంగా కనబడుతుందా, ఏది ఇచ్చినా అల్లేస్తాడా?

రెండువేల నాలుగు మే మొదట్లో కోటయ్య వంతు వచ్చింది. అప్పుడు తట్టింది. అసలు జరగనే జరగని సంగతి ఒకటి చెబుదాం, కనిపెడతాడో లేదో చూద్దాం అని.

ఇక్కడ హనుమయ్య గురించి చెప్పాలి. వాళ్ళ క్వార్టరు కోటయ్య క్వార్టరుకు సరిగ్గా కింద. చర్చి మనిషి కాడు, మంగళవారం ఉపవాసం ఉండి హనుమాన్ మందిరానికి వెళ్ళే మనిషి. అయినా ఒకప్పుడు కోటయ్యతో బావా బావా అని ఒకే కంచంలో తిన్నంత చనువు. మూడేళ్ళ కిందట కోటయ్య పంపుహౌసు ఫోన్లోంచి గొంతు మార్చి, హిందీ ఆఫీసరులా హనుమయ్యకు ఫోన్ చేశాడు. "హనుమయ్యా జీ, ముబారక్ హో, వైజాగ్ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చేసింది" అని. హనుమయ్య ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ట్రాన్స్‌ఫర్ అది. కోటయ్య లెక్క ప్రకారం ఒక పూట సంబరం, మర్నాడు అందరూ కలిసి నవ్వుకోవడం. కాని హనుమయ్య భార్య ఆండాళ్ ఆ మధ్యాహ్నమే, తను పాఠాలు చెప్పే పిల్లల బడికి వెళ్ళి, చివరి నిమిషంలో చెప్పి వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని రాజీనామా ఇచ్చేసింది. మర్నాడు నిజం తెలిసి పరుగెత్తేసరికి ఆ చోటులో ఇంకొకామె కూర్చుని ఉంది. "ఒక్కరోజు ఆగలేకపోతే నా తప్పా?" అన్నాడు కోటయ్య. ఆ మాటతో కింది క్వార్టరు తలుపు మూసుకుంది. మూడేళ్ళు మూసే ఉంది.

ఆ ఆదివారం అయ్యగారింట్లో కూడిక. కోటయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ వందనాలండీ. మంగళవారం పొద్దున కూలరు విప్పానండి. నీళ్ళు పోస్తానే ఉన్నాం, ఫ్యాను తిరగతానే ఉంది, గాలి మాత్రం వేడి. చూద్దును గదా, గడ్డికి ఢిల్లీ ఉప్పునీళ్ళ తెల్లటి పెచ్చు కట్టుకుపోయింది. గాలి దూరే సందు లేదు. దాన్ని గీకతా ఉంటే దేవుడు నాతో మాట్లాడాడండి. ఒరే కోటయ్యా, నీ గుండెకు ఇట్టా పెచ్చు కట్టి మూడేళ్ళయిందిరా, అని."

ఇంతవరకు నిజమే, దేవుడు మాట్లాడటం తప్ప. కూలరు విప్పాడు, గడ్డి గీకాడు.

"వెంటనే గిన్నెలో సున్నుండలు పెట్టుకొని హనుమయ్య గారింటికి పోయానండి. తప్పయింది బావా అన్నాను. ఆయన నన్ను పట్టుకుని, నీకోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నానో తెలుసా, అన్నాడండి."

గదిలో స్తోత్రం, స్తోత్రం అని వినబడింది. సుధీర్ తల వంచుకున్నాడు. పద్మనాభం గారు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"మంగళవారమేనా కోటయ్యా?"

"మంగళవారమేనండి. గుడికెళ్ళొచ్చి ఇంట్లోనే ఉన్నాడు, బొట్టు కూడా ఆరలేదు."

"ఆండాళమ్మ ఏమంది?"

"ఆమేనా... ఆమె కూడా ఏడ్చిందండి. అన్నయ్యా, పోనీలే అంది."

"బాగుంది. చాలా బాగుంది. వచ్చే ఆదివారం కూడిక మీ ఇంట్లోనే కదా, వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలువు. అందరం చూసి సంతోషిస్తాం."

కోటయ్య కూర్చోబోతూ పక్కనున్న ఎవరి ఒళ్ళోనో సగం కూర్చున్నాడు.

ఇంటికి రాగానే కూతురు తేజశ్రీ చెప్పులు విప్పకుండానే, "పాపా, ఆప్ గయే కబ్?" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు హిందీదే. భార్య లలితకుమారి పక్కనుంచి అందుకుంది.

"ఎప్పుడెళ్ళారని అడుగుతోంది, చెప్పండి. నేనూ విందామని ఉంది. మనింట్లో మినప్పప్పు అయిపోయి నెలైంది, ఆ సున్నుండలు ఎవరు చుట్టారో."

"ఊరికే, అయ్యగారికి తెలుస్తదో లేదో చూద్దామని."

"తెలిసిందా?"

"తెలవలా. గుడ్డిగా నమ్మేశాడు."

"అయితే గెలిచారు. ఆదివారం వాళ్ళేరీ అంటే నేను మాత్రం అబద్ధమాడను. ఊరెళ్ళారనీ, జ్వరమనీ నాతో చెప్పించాలని చూడకండి. పిల్ల ముందు మీ పరువు మీ ఇష్టం."

సోమవారం, మంగళవారం కోటయ్య ఎత్తులు వేశాడు. ఏదీ నిలబడలేదు. పైగా ఒక వింత పట్టుకుంది. తను అల్లిన మాటే తన చెవిలో మోగుతోంది. నీకోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నానో తెలుసా. హనుమయ్య నోటికి ఆ మాట అంటగట్టింది తనే. కాని నిజంగా వెళితే ఏమంటాడు? తిడతాడా? తలుపే తీయడా? లేక, ఏమో, అదే మాట అంటాడా? ఎంత ఆలోచించినా తెగడం లేదు.

గురువారం పొద్దున మోటారు వేసి, పాల బూత్ దగ్గర నిలబడ్డాడు. ఎదుట బస్టాపులో ఆండాళ్ కనబడింది. భుజానికి సంచి, చేతిలో పుస్తకాల కట్ట. బస్సు వచ్చింది, ఆగినట్టే ఆగి ముందుకు పోయింది. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దాని వెనక పరుగెత్తింది. అందలేదు. తిరిగొచ్చి అదే చోట నిలబడి, ముఖం తుడుచుకుంది.

"ఈవిడ రోజూ ఇంతేనా భయ్యా?" అని పాలతన్ని అడిగాడు.

"ఆ మాస్టరమ్మా? రోజూ ఇంతే. నోయిడా అవతలెక్కడో స్కూలట, రెండు బస్సులు మారాలి. ఇదివరకు ఈ వెనక సందులోనే చెప్పేది కదా."

మూడేళ్ళుగా రోజూ ఆ బూత్‌కు వస్తున్నాడు కోటయ్య. ఆమె ఎన్నిసార్లు కళ్ళ ముందే నిలబడిందో. చెప్పులో, గాస్కెట్‌లో పాఠం వెతికినవాడికి, ఈ బస్టాపులో వెతకబుద్ధి కాలేదు. పాల ప్యాకెట్టు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాడు.

శనివారం సాయంత్రం ఒట్టి చేతులతో మెట్లు దిగాడు. తలుపు గడియ వేసి లేదు, ఓరగా ఉంది. తట్టితే ఆండాళ్ వచ్చింది. హనుమయ్య బనియన్‌తో కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు, తలెత్తలేదు.

కోటయ్య దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉండేది. ఇవాళ ఎంత తడుముకున్నా దొరకలేదు.

"అమ్మా," అన్నాడు. "ఆ ఫోను నేనే చేశా. మీకు తెలుసు. చేసినదానికంటే తర్వాత అన్న మాట ఇంకా పెద్ద తప్పు. ఒక్కరోజు ఆగలేకపోయారా అన్నాను. గురువారం మిమ్మల్ని బస్టాపులో చూశాను. ఆగలేకపోయింది మీరు కాదు, నేను. ఒక పూట నవ్వు కోసం."

కోటయ్య మిగతాది కూడా కక్కేశాడు. "ఇంకో తప్పు కూడా ఉంది. మంగళవారమే వచ్చి మీ కాళ్ళు పట్టుకున్నానని కూడికలో పదిమందిలో చెప్పా. మీరు ఏడ్చారని కూడా చెప్పా. రేపు మా ఇంటికి భోజనానికి రమ్మంటున్నారు అయ్యగారు. రాకపోయినా మీ తప్పు లేదు. వాళ్ళతో నేనే నిజం చెప్పుకుంటా."

హనుమయ్య పేపరు మడిచాడు. "ఏం కూర?"

"ఆఁ?"

"రేపు. ఏం కూరని అడుగుతున్నా."

"మీకేది కావాలంటే అదే బావా."

ఆండాళ్ నవ్వలేదు. "అన్నయ్యగారూ, నేను ఏడ్చినమాట నిజమే, కాకపోతే మంగళవారం కాదు, మూడేళ్ళ కిందట. మర్చిపోయానని ఇవాళే అనలేను. ఆ బస్సు ఎక్కేటప్పుడల్లా మీరు గుర్తొస్తారు. కాని రేపు వస్తాం. కూర్చోండి, ఎంతసేపు నిలబడతారు."

కోటయ్య కూర్చున్నాడు. పైపంచెతో కళ్ళు వత్తుకున్నాడు. కాస్త తేరుకోగానే పాత బుద్ధి తోకాడించింది. "అయితే ఒక్క మాట. అయ్యగారికి మనం చెప్పక్కర్లేదేమో. పాపం, పూర్తిగా నమ్మేశాడు. పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటాడు."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది.

"మీరు చెప్పిన ఆ మంగళవారం ఈయన ఆగ్రా డ్యూటీలో ఉన్నారు అన్నయ్యగారూ. తెల్లారకముందే ఆటో దొరక్క రోడ్డు మీద నిలబడితే, నిజాముద్దీన్ స్టేషన్‌లో దింపింది పద్మనాభం గారి స్కూటరే."

కోటయ్య నోరు తెరుచుకుంది. "మరి... మంగళవారమేనా అని అడిగాడే?"

"మొన్న సోమవారం పొద్దున మా ఇంటికి వచ్చారు," అన్నాడు హనుమయ్య. "క్షమించమని అడగను, అది మీ ఇష్టం అన్నారు. మా కోటయ్య సాక్ష్యం ముందు చెప్పేశాడు, పని తర్వాత చేస్తాడు, ఆదివారం దాకా కాస్త తలుపు గడియ వేసుకోకండి అని చెప్పి వెళ్ళారు."